జమ్మిచెట్టు మీద దాచినంత భద్రంగా

"అది పాతదే కదండీ!" అమెరికాలో సైన్యాలు వదిలేసిన పాత తుపాకులు సేకరించే మగవాళ్లున్న ఇళ్లల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. నా పేచీ అంతా ఈ మాటతోనే. సేకరణతో కాదు, మావారితో అంతకన్నా కాదు. పాత ఇత్తడి బిందె, పాత గ్రామఫోను, పాత గోడగడియారం, పాత తుపాకీ... ఈ నాలుగింటినీ ఒకే వరుసలో పెట్టి మాట్లాడతారు చూడండి, అక్కడొస్తుంది నాకు కోపం. పాత బిందెకి సొట్టలు తీయించి చింతపండు పెట్టి తోమితే మెరిసే బిందె అవుతుంది. పాత గడియారం బాగుచేస్తే గంటలు కొడుతుంది. మరి పాత తుపాకీ బాగుచేస్తే ఏమవుతుంది? తుపాకీయే అవుతుంది. ఎనభై ఏళ్ల వయసొచ్చిందని దానికి ముసలితనం రాదు.

మేం ఒహైయోలో ఉంటాం. పదహారేళ్ల అబ్బాయి, పదకొండేళ్ల అమ్మాయి. మావారికి ఈ సరదా పట్టుకుని తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు బేస్‌మెంట్‌లో ఐదు రైఫిళ్లున్నాయి. ఈమధ్య మన పండగల్లో కలిసినప్పుడు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నన్ను పక్కకి తీసుకెళ్లి, "మావారూ మొదలుపెట్టారు వదినా, వద్దనాలా, ఊరుకోవాలా?" అని అడిగారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ సంగతేమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఏ దేశపు సైన్యమైనా కొత్త తుపాకీకి మారినప్పుడు పాతవి లక్షల్లో మిగిలిపోతాయి. కొన్నాళ్లు గోదాముల్లో గ్రీజు పూసుకుని పడుంటాయి. తర్వాత వ్యాపారులు టోకున కొని అమెరికాకి తెచ్చి అమ్ముతారు. వీటిలో అందరికీ తెలిసినది రష్యావాళ్ల మోసిన్ నాగాంట్. 1891లో పుట్టింది. మొత్తం మీద 3.7 కోట్లు తయారయ్యాయని అంచనా. సోవియట్ యూనియన్ పోయాక ఆ గోదాములన్నీ ఖాళీ అవుతుంటే, ఇక్కడ వంద డాలర్ల లోపు దొరికేదట. మనవాళ్లు ఒక పట్టుచీరకి పెట్టే డబ్బుకి రెండో మూడో వచ్చేవన్నమాట. 2014లో ఆంక్షలు మొదలై, 2021లో రష్యా తుపాకుల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేశాక ధర ఎన్నో రెట్లు పెరిగింది. రెండోది అమెరికావాళ్ల ఎం1 గారండ్. జాన్ గారండ్ అనే ఆయన తయారుచేశారు, 1936లో సైన్యం తీసుకుంది, 54 లక్షల దాకా చేశారు. ఆ రైఫిళ్లని జనానికి అమ్మే సంస్థే ఒకటుంది, సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని. వాళ్ల పోటీలు వేసవిలో మా రాష్ట్రంలోనే, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో జరుగుతాయి.

మూడోదాని పేరు చెబితే మీరే గుర్తుపడతారు. లీ ఎన్‌ఫీల్డ్. మన ఊళ్లలో ఎవరూ అలా అనరు, త్రీ నాట్ త్రీ అంటారు. బ్యాంకు గుమ్మం దగ్గరా, ఎన్నికల బూత్ దగ్గరా పోలీసుల భుజాన చూసిందే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే కవాతుతోనే దానికి వీడ్కోలు చెప్పారు. కలకత్తా దగ్గర ఇషాపూర్‌లోని రైఫిల్ ఫ్యాక్టరీలో వీటిని మనవాళ్లే తయారుచేశారు. అరవైల్లో అదే నమూనాని 7.62 తూటాకి మార్చి 2ఎ1 అనే రకం చేశారు. అవి కూడా మిగులు సరుకుగా అమెరికా చేరాయి. మావారి సరదా మొదలైంది దానితోనే. ఒక గన్ షోలో బల్ల మీద ఇనుము మీద చెక్కిన ఆర్.ఎఫ్.ఐ. అక్షరాలూ, 1967 అన్న అంకె చూసి ఆగిపోయారు. మా మావయ్యగారి నాన్నగారు గుంటూరు జిల్లాలో హెడ్ కానిస్టేబుల్. ఆయన ఫొటో ఒకటే ఉంది ఇంట్లో, భుజాన త్రీ నాట్ త్రీతో. ఆ ఫొటోలో తాతని ఎప్పుడూ చూడని మనవడు దాని అన్నదమ్ముడి లాంటిదాన్ని పది వేల మైళ్ల అవతల చూస్తే ఏం చేస్తాడు? కొన్నారు. నేనూ ఏమీ అనలేకపోయాను. డిగ్రీలో ఎన్‌సీసీ చేసినదాన్ని. డ్రిల్లు కోసం ఇచ్చిన ఆ బరువు ఎండలో గంటసేపు మోసిన భుజం నాది.

అందుకే ఈ సరదాని వెక్కిరించేవాళ్లని చూస్తే నాకు నచ్చదు. ఇందులో నిజంగా మెచ్చుకోవాల్సిన పనితనం ఉంది. గోదాము నుంచి వచ్చిన రైఫిల్ నిండా కాస్మోలీన్ అనే గోధుమరంగు గ్రీజు ఉంటుంది. తుప్పు పట్టకుండా పూస్తారు. ఏళ్లు గడిచేసరికి అది మైనంలా గడ్డకడుతుంది. దాన్ని వేడితో కరిగించాలి. నేను వడియాలు పెట్టుకునే ఎండలోనే ఆయన చెక్కభాగాన్ని నల్లటి చెత్తసంచిలో చుట్టి పెడతారు. మధ్యాహ్నానికి గ్రీజు చెమటలా కారుతుంది. చెక్కకి సొట్టలుంటే రంపపు కాగితం పెట్టి గీకరు. తడిబట్ట పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. ఆవిరికి అణిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. ఈ సంగతి నాకెలా తెలుసంటే, నా ఇస్త్రీపెట్టె మాయమైన రోజున తెలిసింది. ఇప్పుడు ఆయనకి వేరే ఇస్త్రీపెట్టె ఉంది.

ఎందుకు గీకకూడదో ఆయన చెప్పినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆ చెక్క మీద ముద్రలుంటాయి. ఏ కర్మాగారం, ఏ ఏడు, ఎవరు తనిఖీ చేశారు, ఎన్నిసార్లు మరమ్మతుకి వెళ్లింది, అన్నీ. ఫిన్లాండ్ సైన్యం చేతికి వచ్చిన రష్యా రైఫిళ్ల మీద వాళ్ల ఎస్.ఎ. ముద్ర ఉంటుంది. జపాన్ అరిసాకా రైఫిళ్ల మీద చక్రవర్తి చామంతి పువ్వు గుర్తు ఉండేది. లొంగిపోయినప్పుడు చాలావాటి మీద దాన్ని అరగదీసేశారు. ఆ అరిగిన మచ్చే ఇప్పుడు చరిత్ర. కొత్తదానిలా మెరిపిద్దామని రుద్దితే కథంతా పోతుంది, ధరా పడిపోతుంది. అమ్మమ్మ నగని కరిగించి కొత్త డిజైన్ చేయించినట్టే. ఆ పనిలో ఓర్పుంది, గౌరవముంది. ఇంకో మాట. యుద్ధకాలంలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో గారండ్‌లు చేసిన చేతుల్లో చాలా ఆడచేతులున్నాయి. 309 మందిని కూల్చిందని పేరున్న సోవియట్ స్నైపర్ ల్యుద్మిలా పావ్లిచెంకో 1942లో అమెరికా వస్తే, విలేకర్లు ఆమె యూనిఫాం గురించీ, ముఖానికి రాసుకునే పౌడర్ గురించీ అడిగారు. కాబట్టి ఇది మగవాళ్ల లోకం, మనకేం తెలుసు అని పక్కకి తప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ సరదా వాళ్లదే కావచ్చు, ఇల్లు మాత్రం ఇద్దరిదీ. తుపాకీ బేస్‌మెంట్‌లో ఉన్నా దాని మంచిచెడ్డలు వంటింటి దాకా వస్తాయి.

అవిసె నూనె సంగతే తీసుకోండి. చెక్కకి మెరుపు రావడానికి మరిగించిన అవిసె నూనె పూస్తారు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. వాటిని బయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్లు పోసిన రేకుడబ్బాలో మూతపెట్టి ఉంచాలి. ఇది తుపాకీ పేలడం కంటే ముందే ఇల్లు తగలబెట్టగల విషయం. సేకరించే భర్తలున్న ఎంతమంది ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పారో నాకు అనుమానమే.

తర్వాత సీసం. తూటా వెనకభాగంలో పేలే మందులోనూ, తూటాలోనూ సీసం ఉంటుంది. కాల్చినప్పుడు, గొట్టం శుభ్రం చేసినప్పుడు ఆ పొడి చేతులకీ బట్టలకీ అంటుతుంది. చిన్నపిల్లల మెదడుకి సీసం ఎంత చెడుపో మనకి తెలుసు. అందుకని మా ఇంట్లో కట్టుబాటు ఇది: తుపాకీ శుభ్రం చేసే పని వంటింటి సింకులో జరగదు, అన్నం తినే బల్ల మీద జరగదు. రేంజి నుంచి వచ్చిన చొక్కా పిల్లల బట్టలతో కలవదు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా చంటిపిల్లనే కాదు, చపాతీని కూడా ముట్టుకోకూడదు. ఇక పాత సోవియట్ తూటాలు కాలిస్తే గొట్టంలో ఒకరకం ఉప్పు మిగులుతుంది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టే అది గాలిలో తేమని లాక్కుని ఇనుముని తినేస్తుంది. నూనెతో పోదది, ముందు వేడినీళ్లు పోసి కడగాలి. ఆ వేడినీళ్లకి ఆయన నా టీ గిన్నె వైపు చూశారు ఒకసారి. చూపుతోనే జవాబు చెప్పాను. అవీ ఇవీ కలిపి ఇప్పుడు కింద ఒక పాత బకెట్టూ, ఒక కెటిలూ, ఒక ప్లాస్టిక్ బల్లా ఉన్నాయి.

మరొకటి, బాగుచేసినంత మాత్రాన కాల్చడానికి పనికొచ్చిందని కాదు. ఈ రైఫిళ్లకి వెనక తలుపు గడియలాంటి బోల్ట్ ఉంటుంది. గోదాముల్లో ఒకదాని గడియ ఇంకోదానికి తగిలించి ఉండొచ్చు. అందుకే నంబర్లు సరిచూస్తారు. గడియ సరిగ్గా కూర్చుంటోందా లేదా అని కొలిచే గేజులుంటాయి. తేడా ఉంటే పేలేది ముందుకి కాదు, కాల్చేవాడి ముఖం వైపుకి. "గన్‌స్మిత్ చూశాడా?" అని అడగడానికి మనకి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. గ్యాస్ స్టవ్ లీకు చూశారా అని అడిగినట్టే.

చట్టం సంగతి కూడా మనకి తెలిసుండాలి. 50 ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవాళ్లకి ఇక్కడ ప్రత్యేకమైన ఫెడరల్ లైసెన్స్ ఒకటుంది. మూడేళ్లకి 30 డాలర్లు. అది ఉంటే అలాంటి పాత తుపాకీ వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా మన గుమ్మానికే వస్తుంది. ఎవరి నుంచి ఏది వచ్చింది, ఎవరికి పోయింది అని పుస్తకం రాయాలి. అదే 1898లోగానీ, అంతకు ముందుగానీ చేసినవైతే ఫెడరల్ చట్టం దృష్టిలో అసలు తుపాకులే కావు. చట్టానికి తేడా ఉండొచ్చు, తూటాకి లేదు. రాష్ట్రం మారితే నియమాలూ మారతాయి. ఎం1 కార్బైన్ రకం న్యూజెర్సీ నిషేధ జాబితాలో ఉంది. ఉద్యోగం మారి ఎడిసన్ వెళ్లేవాళ్లు మూటాముల్లె సర్దేముందు చూసుకోవాల్సిన సంగతి ఇది. మనవాళ్లు మరీ గుర్తుపెట్టుకోవాల్సిందేమంటే, హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. మేం ఇండియా వెళ్తున్నాం, నెల రోజులు మీ ఇంట్లో పెడతాం అని స్నేహితుడి మీదకి నెట్టేముందు ఆ స్నేహితుడి కాగితాలేమిటో ఆలోచించాలి. మన మొహమాటం వాళ్ల గ్రీన్‌కార్డుకే ఎసరు తెస్తుంది.

ఇక దాచడం. ఇక్కడే మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. మూడో రైఫిల్ వచ్చాక మావారు గాజు తలుపుల బీరువా చేయిద్దామన్నారు. లోపల దీపాలు, వెనక ఎర్ర మఖ్మల్. వచ్చినవాళ్లు చూసి మెచ్చుకోవాలి కదా మరి. నేను ఇనప సేఫ్ అన్నాను. "అందమైన వస్తువుని జైల్లో పెట్టమంటావేంటి?" అన్నారు. ఆ ఏడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. దసరాకి కత్తిపీటకీ, కుట్టుమిషన్‌కీ, రెండు కార్లకీ పసుపూ కుంకుమా పెట్టి, "కిందవాటికి వద్దట్రా?" అని కొడుకుని అడిగారు. ఆయన మురిసిపోయి ఒకటి పైకి తెచ్చి, "అమ్మా, చెక్క మీద మాత్రం పెట్టకు, ముద్రలున్నాయి" అన్నారు. ఆవిడ కింద పరిచిన గుడ్డకి బొట్టు పెట్టి అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పాండవులు ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచినప్పుడు ఏం చెప్పార్రా? శవాన్ని కట్టాం, దగ్గరికి రాకండి అని చెప్పారు. అంత పెద్ద గాండీవం ఉన్న అర్జునుడు కూడా, చూడండి నా విల్లు ఎంత బావుందో అని దీపాలు పెట్టలేదు."

గాజు బీరువా మాట మళ్లీ రాలేదు. ఆలోచిస్తే ఈ సరదాలోని చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. సేకరించినవాడికి చూపించుకోవాలని ఉంటుంది. ఆయుధం దాగి ఉండాలి. చూపించుకోవాలనుకుంటే ఫొటోలు తీసి గోడకి తగిలించుకోండి. మా ఇంట్లో అలాగే ఉన్నాయి, పెద్దాయన ఫొటో పక్కనే. వస్తువు మాత్రం నేలకి బిగించిన ఇనప సేఫ్‌లో ఉంటుంది. గడియలు ఊడదీసి వేరే పెట్టెలో తాళంవేసి ఉంటాయి. గడియ లేని రైఫిల్ చెక్కా గొట్టమూ మాత్రమే, పేలదు. తూటాలు మూడో చోట, మూడో తాళంలో. సేఫ్ నంబరు పుట్టినరోజూ కాదు, పెళ్లిరోజూ కాదు, ఎందుకంటే అవి పిల్లలకి మనకంటే బాగా గుర్తుంటాయి. ఆ నంబరు ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. "నాకు వాటి జోలి వద్దు" అనే ఆడవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంట్లో ఉన్న తాళం మన చేతిలో లేకపోతే, ఆ భయం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడటం నేర్చుకున్నాను. అరగంట పని. మిక్సీ జార్ బిగించడం కంటే కష్టం కాదు.

"ఇంత హడావుడి అవసరమా, పిల్లలు బుద్ధిమంతులు" అంటారు కొందరు. జమ్మిచెట్టు కథలోనే చూడండి, ఏడాది తర్వాత చెట్టెక్కి ఆయుధాలు దించింది ఎవరు? కుర్రాడు, ఉత్తరుడు. కింద అర్జునుడు ఉండి ఎక్కమన్నాడు కాబట్టి సరిపోయింది.

2020లో అమెరికాలో ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లల మరణాలకి మొదటి కారణం తుపాకీ అయింది, కారు ప్రమాదాలని కూడా దాటి. మరో నిజం మనవాళ్లు అసలు మాట్లాడుకోరు. ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగల గురించి భయపడి తలుపులకి కెమెరాలు పెట్టుకుంటాం. ప్రమాదం చాలాసార్లు లోపలి గదిలో, తలుపేసుకుని, ఎవరితో మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది.

కిందటేడు చలికాలంలో మా అబ్బాయి అలా తలుపేసుకున్నాడు. వాడి అనుమతి అడిగే ఇది రాస్తున్నాను. స్కూల్లో ఏవో మాటలు, తగ్గిన మార్కులు, దూరమైన స్నేహితులు. అన్నం పళ్లెం గదిలోకి వెళ్లేది, సగం తిని తిరిగొచ్చేది. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె అడిగిన మొదటి నాలుగైదు ప్రశ్నల్లో "ఇంట్లో తుపాకులున్నాయా?" అన్నది ఒకటి. ఆ రాత్రి నేను మావారితో, "ఇవి రేపు ఇంట్లోంచి వెళ్లిపోవాలండీ" అన్నాను. "సేఫ్‌లో ఉన్నాయి. గడియలు వేరే ఉన్నాయి. వాడికి నంబరు తెలీదు. మనవాణ్ణి మనమే అనుమానిస్తే వాడేమనుకుంటాడు?" అన్నారు. అవి చెడ్డ మాటలు కావు, ప్రతి మాటా నిజమే. నేను ఒక్కటే అన్నాను: "మనం వాణ్ణి అనుమానించడంలేదు. వాడి చెడ్డ గంటని అనుమానిస్తున్నాం." మర్నాడు మా ఊరి తుపాకుల దుకాణంలో నెల అద్దెకి ఐదూ దాచిపెట్టి వచ్చారు. వచ్చేటప్పుడు మొహం చిన్నబోయి ఉంది, తొమ్మిదేళ్ల కష్టం కదా. కానీ ఆ సాయంత్రం వాడికి ఆయనే చెప్పారు, ఎందుకు తీసేశామో, దాపరికం లేకుండా. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "థాంక్స్ నాన్నా" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, మనం భయపడినది వాడికి ముందే తెలుసని.

నాలుగు నెలల తర్వాత, వాడు తేరుకున్నాక, కౌన్సెలర్‌తో మాట్లాడాకే అవి తిరిగొచ్చాయి. రాకపోయినా నాకు బెంగ ఉండేది కాదు. ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం మాట స్పష్టంగానే ఉంది: పిల్లలున్న ఇంటికి అన్నిటికంటే క్షేమం తుపాకీ లేకపోవడం. ఉంటే ఖాళీగా, తాళంలో, తూటాలు వేరే తాళంలో. మీరు వద్దనదలిస్తే వద్దనండి, అందులో తప్పేమీ లేదు, మీకు చరిత్ర మీద ప్రేమ లేదని ఎవరన్నా అంటే అననివ్వండి. సరే అంటే మాత్రం, ఇంట్లో ఎవరి మనసు బాలేకపోయినా అవి బయటికి వెళ్తాయి అన్న మాట కొనేరోజే తీసుకోండి. బాధలో ఉన్నప్పుడు వాదించుకోవడానికి ఓపిక ఉండదు. పిల్లలైనా పెద్దలైనా దిగులు తట్టుకోలేకపోతుంటే ఈ దేశంలో 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. మీ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఇంకో అలవాటు మనం చేసుకోవాలి. పిల్లల్ని స్నేహితుల ఇంటికి రాత్రి పడుకోవడానికి పంపేటప్పుడు కుక్క ఉందా, ఈతకొలను ఉందా, మా అమ్మాయి మాంసం తినదు అని చెబుతాం. "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా?" అని ఒక్క ప్రశ్న కలపండి. మొదటిసారి నాలుక తిరగదు. నేను దీనికో ఉపాయం పెట్టుకున్నాను. ముందు నా ఇంటి సంగతి చెబుతాను: "మా ఇంట్లో ఐదున్నాయి, ఇలా దాచాం, మీ పిల్లలు వచ్చేముందు మీకు తెలియాలి కదా." ఆ తర్వాత వాళ్లని అడగడం తేలిక. ఇప్పటిదాకా ఎవరూ నొచ్చుకోలేదు. ఒకావిడ మాత్రం ఫోన్ పెట్టేసి, పావుగంట తర్వాత మళ్లీ చేసింది. "మావారి మంచం పక్క సొరుగులో ఉంది వదినా, ఇప్పుడే తీయించాను" అంది.

ఆఖరి మాట కొంచెం అశుభంగా వినిపిస్తుంది, అయినా చెప్పాలి. ఆయన తర్వాత ఇవి ఏమవుతాయి? మన నగలు లాకర్లో ఎన్ని ఉన్నాయో ఆయనకి తెలుసు. ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో మనకి తెలుసు. కానీ సేకరించే భర్త పోయాక ఆ ఇల్లాలికి సేఫ్ నంబరు తెలీదు, ఏది ఎంత చేస్తుందో తెలీదు, ఎవరికి అమ్మొచ్చో తెలీదు. సానుభూతి చూపడానికి వచ్చినవాడే వెయ్యి డాలర్ల వస్తువుని వందకి పట్టుకుపోయే ప్రమాదముంది. అందుకే మా ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంది. ఒక్కోదానికి ఒక్కో పేజీ: నంబరు, కొన్న ధర, ఇప్పటి ధర, లోపాలు, నమ్మదగిన వ్యాపారి ఎవరు. వీలునామాలో కూడా వాటికి ఒక వరుస రాయించాం. ఏటా సంక్రాంతికి లెక్క సరిచూస్తాం. "నన్ను అప్పుడే పంపించేస్తున్నావేంటోయ్" అని నవ్వుతారు. "మీరు ఉండండి, లెక్క కూడా ఉండనివ్వండి" అంటాను.

కాబట్టి నన్ను పక్కకి పిలిచి అడిగిన చెల్లెళ్లకి నా జవాబు ఇది. ఊరుకోకండి. పోట్లాడకండి కూడా. పక్కన కూర్చుని అడగండి: ఖాళీగా ఉందా, గడియ ఎక్కడుంది, తూటాలు ఎక్కడున్నాయి, తాళం ఎవరి దగ్గరుంది, గుడ్డలు ఎక్కడ ఆరేశారు, గన్‌స్మిత్ చూశాడా, మన వీసాకి సరిపోతుందా, మీ తర్వాత ఎవరికి? సంతోషంగా జవాబు చెప్పే మనిషైతే అతని చేతిలో పాత రైఫిల్ చరిత్రే. "నీకెందుకివన్నీ, అది పాతదే కదా" అన్నాడా, అప్పుడు ఆ ఇంట్లోకి దాన్ని రానివ్వకండి.